ఆరిందా అని అడిగారు

వీధిలో అందరూ ఆయన్ని 'ఆర్పండిగారు' అనేవారు. ఎదురుగా కాదులెండి, వెనకాలే. పసుపుపచ్చ కోటు తొడుక్కుని, చేతిలో మైకు పట్టుకుని, పొద్దునా సాయంత్రం వీధంతా తిరుగుతూ "ఆర్పండి! పొయ్యి ఆర్పండి! సిగరెట్టు ఆర్పండి!" అని గొంతు చించుకునే మనిషితో ఎదురుగా పరాచికాలాడితే, మర్నాటి అరుపులో మన పేరు కూడా కలుస్తుందని అందరికీ భయం.

నిజానికి ఆయన పని వడ్రంగం. ఊరి చివర, కొండకి వీపు ఆనించినట్టుండే ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో బల్లలూ కుర్చీలూ బీరువాలూ తయారవుతాయి. ఆయన కోసి, చిత్రిక పట్టి, బిగిస్తే, వాటికి నునుపూ మెరుపూ తెచ్చేది భార్య. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆవిడ వేళ్ళ సందుల్లో వార్నిష్ మరకలు వదలవు కాబట్టి ఆవిడ వీధి వీధంతటికీ పాలిషక్క. మొగుడి కంటే ఆవిడ నోరే పెద్దది. మైకు అనవసరంగా ఆయన చేతికిచ్చారని వీధిలో చెప్పుకునేవారు.

ఆ ఏడాది వాన ఆ ఊరి దారి మర్చిపోయింది. కిందటేడు నడుమెత్తు పెరిగిన గడ్డి కొండంతా నిలువునా ఎండిపోయింది, అరచేతిలో నలిపితే పొడి రాలేది. వీధి మొదట్లో నిప్పు ప్రమాదం ఎంతుందో చూపే బోర్డు ఒకటి పెట్టి దానికి ముల్లు బిగించారు. ముల్లు ఆకుపచ్చ దాటి, పసుపు దాటి, ఎరుపు దగ్గరికొచ్చి అక్కడే స్థిరపడింది. ఎరుపులో ఉన్నన్నాళ్ళూ ఆరుబయట నిప్పన్నది కనబడకూడదు. చెత్త తగలెయ్యకూడదు, బయట పొయ్యి పెట్టకూడదు, వెల్డింగు చెయ్యకూడదు. రంపపు పొట్టు బస్తాల్లాంటివి కొండవైపు గోడకి ఆనించి ఉంచకూడదు. ఇవన్నీ జనం పాటించేలా చూడ్డానికి వీధికొక మనిషి కావాలని అగ్నిమాపక కేంద్రం ఆఫీసరమ్మ అడిగితే, అందరికంటే ముందు చెయ్యెత్తింది ఈయనే. ఎత్తిన చెయ్యి ఇప్పటిదాకా దించలేదని పాలిషక్క ఎత్తిపొడుపు.

కొండ మొదట్లో మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే పెద్దాయన ఒకడున్నాడు. అందరికీ కంకుల బాబాయ్. బండి వెనకే చిన్న గది, అదే ఇల్లు. నిషేధం పెట్టిన కొత్తలో, అలవాటు చొప్పున, బాబాయ్ బొగ్గులు రాజేశాడు. ఆర్పండిగారు ఎక్కణ్ణించి చూశాడో గాని బకెట్టుతో పరిగెత్తుకొచ్చి, మాటా పలుకూ లేకుండా కుంపటి మీద కుమ్మరించాడు. బూడిద లేచి బాబాయ్ మొహమంతా పట్టేసింది.

"చెప్తే నేనే ఆర్పేవాణ్ణి కదా బాబూ" అన్నాడు బాబాయ్, కళ్ళు తుడుచుకుంటూ.

"చెప్పేదాకా ఎందుకు ముట్టించావ్? నీ కంకుల కోసం ఊరంతా కాలిపోవాలా?"

మైకు నోటి దగ్గరే ఉండిపోవడం వల్ల ఆ మాట వీధి చివరిదాకా వినబడింది. ఆ రోజు నుంచీ బాబాయ్ గదిలో గ్యాసు పొయ్యి మీద కంకులు ఉడకబెట్టి బండి మీద పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఉడికిన కంకులు కొనేవాళ్ళు తక్కువ. అయినా మళ్ళీ అగ్గిపుల్ల ముట్టుకోలేదు.

"పెద్దాయన్ని పక్కకి పిలిచి చెప్తే మీ సొమ్మేం పోయింది?" అని పాలిషక్క ఆ సాయంత్రం మొగుడి మీద ఒంటికాలి మీద లేచింది.

"రూలు ముందు చిన్నా పెద్దా ఏమిటి?" అన్నాడాయన. అంతటితో సరి.

ఊరికి రూలు నేర్పే మనిషి ఇంటి వెనక మాత్రం పొట్టు బస్తాలు పేరుకుపోయాయి. మామూలు రోజుల్లో అయితే షెడ్డు వెనక ఇనప డ్రమ్ములో ఎప్పటి పొట్టు అప్పుడు కాల్చేసేవాడు. ఇప్పుడు కాల్చకూడదు. మోయించి ఊరవతల పోయించాలి. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ వాయిదా వేసుకొచ్చాడు. బస్తాలు కొండవైపు గోడకి ఆనుకుని, నడుము దాకా లేచాయి.

ఇలా ఉండగా ఆఫీసరమ్మ కబురు పెట్టింది. రేపు ఈ వీధిలో ప్రతి షెడ్డూ, ప్రతి పెరడూ స్వయంగా చూస్తానంది. మీరు నా పక్కనే ఉండాలి, మీ వీధి మిగతావాళ్ళకి ఆదర్శం కావాలి అంది. ఆదర్శం అన్న మాట విన్నప్పటి నుంచీ ఆయనకి బస్తాలు తప్ప మరేమీ కనబడలేదు.

మర్నాడు పొద్దున గాలి ఊపిరి బిగబట్టినట్టుంది. ఆకు కదలడం లేదు. పాలిషక్క షెడ్డులో, మూతికి గుడ్డ కట్టుకుని, పెద్ద భోజనాల బల్లకి మొదటి పూత వేస్తోంది. ఆవిడ ముక్కుకి వార్నిష్ తప్ప ఇంకే వాసనా తగలని సమయం అది. ఆయన చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళి, ఒక్కో బస్తా డ్రమ్ములోకి ఒంపి ముట్టించాడు. పొట్టుకి మంట లేవదు, లోలోపల రాజుకుంటూ ఉంటుంది. బస్తాలన్నీ అయ్యాక పైన మూత వేశాడు. గాలి లేదు, మూత ఉంది, ఎవరికీ తెలియదు, అనుకున్నాడు. కోటు తొడుక్కుని బయల్దేరుతూ షెడ్డు గుమ్మంలోంచి కేకేశాడు.

"వెనక ఓ కన్నేసి ఉంచు."

"నేనుండగా దానికేం కాదులెండి" అంది ఆవిడ. వెనకంటే షెడ్డే కదా, షెడ్డులో ఉన్నది బల్లే కదా. దుమ్ము పడకుండా చూడమంటున్నాడనుకుంది.

మధ్యాహ్నం కావస్తుండగా కాస్త గాలి మొదలైంది. ఆర్పండిగారు పాలకొట్టు ముందు నిలబడి ఉన్నాడు. పక్కన ఆఫీసరమ్మ, చుట్టూ వీధి జనం. కోటు కాలరు ఎగిరి చెంపకి తగిలేసరికి ఆయన గుండె జారింది. ఫోన్ తీసి, రెండడుగులు పక్కకి జరిగి, భార్యకి చేశాడు.

"ఆరిందా?" అన్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఏమిటండీ ఆ గొణుగుడు?"

"ఆరిందా అని."

ఆవిడ బల్ల అంచుని వేలితో తాకి చూసింది. "ఆ, ఆరింది. ఇంక అంటుకోదు."

ఆయన ప్రాణం కుదుటపడింది. ఫోన్ జేబులో వేసుకుని, మైకు ఎత్తి, పాలకొట్టు పక్కన బీడీ కాలుస్తున్న ఎవరినో పట్టుకుని ఆర్పండి అన్నాడు.

ఆ వెనక ఏమైందో ఊరంతా చూసింది. పాలిషక్క గరుకు కాగితం వెతుక్కుంటుంటే, ఎవరో ఎండాకుల మీద నడుస్తున్నట్టు చిటపట వినిపించింది. షెడ్డు వెనక తలుపు తీసింది. డ్రమ్ము మూత కింద పడి ఉంది. లోపల పొట్టు ఎర్రగా ఊపిరి తీస్తోంది. గోడకి అవతల గడ్డి అంటుకుని, మంట అప్పుడే కొండ మీదికి ఎగబాకుతోంది. ఒక్క క్షణంలో ఆవిడకి అంతా అర్థమైంది. బస్తాలెటు పోయాయో, వెనక కన్నెయ్యమన్నది దేని మీదో, ఫోన్లో అడిగింది దేని గురించో, అన్నీ. రెండు బకెట్ల నీళ్ళు డ్రమ్ములో గుమ్మరించింది. "మంట! మంట!" అని అరుస్తూ వీధిలోకి పరిగెత్తింది. పరిగెత్తే ముందు, ఎందుకో ఆవిడకే తెలియదు, ఆ వెనక తలుపు మూసి గడియ పెట్టింది.

ఫైరింజన్లు వచ్చాయి. వీధంతా వరసగా నిలబడి బకెట్లు అందించింది. ఆర్పండిగారు అందరికంటే ముందు, మంటకి అందరికంటే దగ్గర, బాబాయ్ పక్కనే నిలబడి నీళ్ళు పోశాడు. కనుబొమ్మలు కాలిపోయినా వెనక్కి రాలేదు. మెచ్చుకోవాల్సిందే, కాని ఎందుకంత ముందుకి వెళ్ళాడో తెలిసినవాళ్ళు మెచ్చుకోలేరు. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కొండ సగం నల్లబడింది. బాబాయ్ బండి చక్రాల ఇనుము తప్ప ఏమీ మిగలకుండా పోయింది, గది పైకప్పు కూలిపోయింది.

మంటలు ఆరాక నిందలు మొదలయ్యాయి. ముందు నోరు విప్పింది పాలకొట్టు ఆయన.

"ఇంకెవరు? కొండ కింద నిప్పుతో పనున్నది ఒక్కడికే. చాటుగా కుంపటి ముట్టించుంటాడు!"

"అయ్యో, లేదయ్యా" అన్నాడు బాబాయ్. "ఆ రోజు ఈ బాబు ఆర్పేశాక మళ్ళీ నిప్పు మొహం చూళ్ళేదు. కావాలంటే ఈ బాబునే అడగండి."

అందరూ ఆర్పండిగారి వైపు తిరిగారు. ఆయన మసి పట్టిన మొహం చేత్తో తుడుచుకున్నాడు.

"విచారణలో తేలుతుందిలెండి" అన్నాడు.

ఆ మాట విని పాలిషక్కకి ఒళ్ళంతా కంపరమెత్తింది. ఇంత నోరున్న ఆవిడ కూడా అప్పుడు అక్కడ నోరు తెరవలేదు. చెప్పాల్సింది ఆయన, నేనెందుకు చెప్పాలి, అనుకుంది. ఆఫీసరమ్మ రేపు పొద్దున వీధి హాల్లో విచారణ అని ప్రకటించింది. ముట్టించింది బాబాయే అని తేలితే బండి పెట్టుకునే అనుమతి పోతుంది, కొండ కింద చోటు కూడా ఖాళీ చెయ్యాలి. అది పోతే బాబాయ్‌కి మరో చోటూ లేదు, మరో పనీ లేదు.

ఇంటికొచ్చాక తలుపు వేసీ వెయ్యగానే ఆవిడ మొదలుపెట్టింది.

"రోజూ ఊరందరికీ చెప్పే మాట మీ చెవిన పడలేదా?"

"అరవకు. కిటికీ తెరిచుంది."

"మైకు పట్టుకుని తిరిగేవాళ్ళు నన్ను అరవద్దంటున్నారా?"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. తలెత్తి అన్నాడు. "అయినా నువ్వే కదా ఆరిందన్నావు."

"నేను ఆరిందన్నది బల్ల!"

"నేను అడిగింది డ్రమ్ము!"

"డ్రమ్మని అడిగారా?"

"ఇంక అంటుకోదు అని కూడా అన్నావు."

"వార్నిష్ అండీ! చేతికి అంటుకోదు అన్నాను!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకో రోజైతే పడీపడీ నవ్వుకునేవాళ్ళు, చుట్టాలందరికీ చెప్పి మరీ నవ్వుకునేవాళ్ళు. ఆ రోజు నవ్వు రాలేదు. "రేపు హాల్లో చెప్పేస్తాను" అన్నాడాయన, నేల చూపులు చూస్తూ. ఆవిడ సరేనంది. ఈ పూటకి ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనీ, ఎలాగూ తెల్లారితే చెప్తాడు కదా, అని సర్దిచెప్పుకుంది. ఒక్క పూటే కదా.

వంటింటి కిటికీలోంచి చూస్తే, వెలుగింకా పోలేదు, బాబాయ్ బూడిదలో కర్రతో కెలుకుతూ కనబడ్డాడు. కాలక మిగిలినదేమైనా ఉందేమోనని వెతుక్కుంటున్నాడు. ఆవిడ మనసు ఊరుకోలేదు. గిన్నెలో అన్నం, కూర పెట్టుకుని, చంకలో ఒక దుప్పటి పెట్టుకుని వెళ్ళింది.

బాబాయ్ ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. ఆయన లేవడం చూసి ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"మంటలు ఆరినప్పటి నుంచీ ఒక్కళ్ళూ పలకరించలేదమ్మాయ్. నిన్నటిదాకా బాబాయ్ బాబాయ్ అన్నవాళ్ళే, మొహం తిప్పుకుని పోతున్నారు. నువ్వొక్కదానివే నన్ను నమ్మావు."

చెప్పేందుకు అంతకంటే మంచి సమయం దొరకదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "చల్లారిపోతుంది, తినండి బాబాయ్" అంది. ఆయన తినేదాకా నిలబడి, ఖాళీ గిన్నె తీసుకుని వెనక్కి వచ్చింది. ఇంట్లో ఆ గిన్నె తోముతూ, సిగ్గుతో, ఎవరూ చూడకపోయినా తలెత్తలేకపోయింది. అయినా కోపమంతా మొగుడి మీదే పెట్టుకుంది. అలా పెట్టుకుంటే కాస్త ఊపిరాడింది.

పొద్దున హాల్లో కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. ఆఫీసరమ్మ బల్ల వెనక కూర్చుంది. ఆవిడ కుడి పక్కన ఆర్పండిగారు, కోటు తొడుక్కునే వచ్చాడు. బాబాయ్‌ని ముందుకి పిలిచారు. ఒక చెవి పైన జుట్టు కాలి అట్టకట్టింది. రాత్రంతా ఏమాలోచించాడో, నిన్నటి పట్టుదల మొహంలో లేదు.

"నిన్న మీరు నిప్పు వెలిగించారా?" అని అడిగింది ఆఫీసరమ్మ.

"లేదనే అనుకున్నానమ్మా. కాని ఇంతమంది నేనే అంటున్నారు. ఇంతమందీ అబద్ధం చెప్తారా? వయసు మీద పడింది, పెట్టిన వస్తువు పెట్టిన చోటే మర్చిపోతున్నాను. ఏమో, అలవాటు కొద్దీ ముట్టించి మర్చిపోయానేమో." ఆయన చేతులు కట్టుకున్నాడు. "నేనే అయ్యుంటానమ్మా."

 పాలకొట్టు ఆయన కూడా తల దించుకున్నాడు. చెయ్యని తప్పుని ఒక మనిషి వెతికి వెతికి తన మీద వేసుకోవడం, నిజం తెలిసినవాళ్ళు ఎంతసేపని చూస్తారు? ఆర్పండిగారు లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"బాబాయ్ కాదండీ. మా షెడ్డు వెనక డ్రమ్ములో కాస్త పొట్టు అంటుకుంది. ఆరిందో లేదోనని నేను ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను. మా ఆవిడ ఆరిందని చెప్పింది. ఆ మాట నమ్మాను. నమ్మడమే నా తప్పు."

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. "పోనీ, అందరిముందూ ఒప్పుకున్నాడు. ఎంతమంది ఒప్పుకుంటారు?" అన్నారెవరో. "ఆడవాళ్ళకి చెప్పిన పని చెప్పినట్టు చేస్తే కదా" అన్నారు ఇంకెవరో. గోడ వెంట నిలబడ్డవాళ్ళు పాలిషక్క వైపు తిరిగి చూశారు, జాలిగా కొందరు, ఈసడింపుగా కొందరు. అందరికంటే చిత్రం బాబాయ్. ఆయన ఆవిడ దగ్గరికొచ్చి, "పోనీలే అమ్మాయ్, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నువ్వేం బాధపడకు" అన్నాడు.

అది ఆవిడకి తట్టుకోలేనంత అయింది. లేచి నిలబడింది.

"అంటుకుంది అంటే ఏమిటండీ? పొట్టు దానంతటదే అంటుకుందా? అంటించిందెవరో కూడా చెప్పండి."

ఆయన కూర్చోబోయి ఆగాడు.

"ఆరిందా అని అడిగారు. ఏది ఆరిందా అని అడిగారా? బల్లకి వార్నిష్ వేస్తూ కూర్చున్నదాన్ని, ఆరిందా అంటే దేని గురించి అనుకోవాలి? డ్రమ్ము ముట్టించినట్టు నాకొక్క ముక్క చెప్పారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు రెండు వరసలు పాకింది గాని, బాబాయ్ మొహం చూసి అక్కడే ఆగిపోయింది. ఆఫీసరమ్మ మాత్రం నవ్వలేదు.

"డ్రమ్ము ఆరిందా అని ఎందుకు అడగలేదండీ?" అంది నెమ్మదిగా.

ఆర్పండిగారు కిటికీ వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు, చివరికి తన చేతులు చూసుకున్నాడు. "మీరు పక్కనే ఉన్నారు. చుట్టూ వీళ్ళంతా ఉన్నారు. డ్రమ్మన్న మాట నోట్లోంచి రాలేదు. సిగ్గేసింది." కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. "నేనే ముట్టించానండీ. ఆవిడకి తెలియదు. మీరొస్తున్నారని, బస్తాలు కనబడితే పరువు పోతుందని, నేనే ముట్టించాను."

కోటు విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టాడు. బాబాయ్ అనుమతికి ఏమీ కాదని, ఈయన మీద చర్య ఏమిటో తర్వాత చెప్తానని ఆఫీసరమ్మ అంది. ఆ మాటలు ఆయనకి వినబడ్డాయో లేదో. పాలిషక్కకి మాత్రం గుండె మీది బండ దిగినట్టయింది. నిజం చెప్పించాను, మొగుడైనా సరే వదల్లేదు, అనుకుంది. అందరి కళ్ళలోకీ చూడగలను అనుకుంది.

బాబాయ్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయనకేదో లెక్క కుదరడం లేదు.

"బాబూ, నిన్న నా బండి కాలుతుంటే నా పక్కనే నిలబడి నీళ్ళు పోశావు కదా. అప్పటికే తెలుసా నీకు?"

"తెలుసు బాబాయ్."

"వాళ్ళు నన్ను తిడుతున్నప్పుడు?"

"తెలుసు."

బాబాయ్ తలూపాడు. అది ఆయన ఊహించినదే. తర్వాత పాలిషక్క వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, కాస్త భయం ఉంది, వద్దనుకున్న జవాబు వస్తుందేమోనన్న భయం.

"నిన్న సాయంత్రం అన్నం తెచ్చావు కదమ్మాయ్. నీకు అప్పటికి తెలియదు కదూ?"

తెలియదు అంటే సరిపోయేది. మొగుడు అప్పుడే అందరిముందూ ఆవిడకి తెలియదన్నాడు. హాల్లో ఒక్కళ్ళూ అనుమానించరు. మూసిన తలుపూ, పెట్టిన గడియా ఎవరూ చూడలేదు. ఆవిడ నోరు తెరిచింది. 

"తెలుసు బాబాయ్" అంది.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్ళీ వేసుకున్నాడు.

"నమ్మావనుకున్నానమ్మా" అన్నాడు. "తెలుసన్నమాట."

జనం దారిచ్చారు. ఆయన మెల్లగా మెట్లు దిగి, కొండ వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఆర్పండిగారు ఆఫీసరమ్మ పక్కనుంచి వచ్చి పాలిషక్క ఉన్న వరసలో కూలబడ్డాడు. భార్యాభర్తలిద్దరూ ఒకే వరసలో, మధ్య రెండు ఖాళీ కుర్చీలుంచుకుని, హాలు ఖాళీ అయ్యేదాకా తలలొంచుకుని కూర్చున్నారు.